విడిది నావ

అన్నం ముందు కూర్చున్నదే గానీ రత్నానికి ముద్ద దిగడం లేదు. అడగవలసిన మాట ఒకటి ఉంది మరి. ఎదురుగా అయ్య దానయ్య చేపల పులుసు జుర్రుకుంటున్నాడు. అమ్మ పోలమ్మ గరిటె పట్టుకుని, కూతురికి ఇంకో ముక్క వెయ్యాలా, తిట్టి మరీ వెయ్యాలా అన్నట్టు చూస్తోంది.

"అయ్యా, నాకు పెద్దమ్మి కావాలి," అని చివరికి అనేసింది రత్నం.

దానయ్య జుర్రడం ఆపాడు.

పెద్దమ్మి అంటే మనిషి కాదు, నావ. మద్దిచెక్క నావ. రత్నం కడుపులో ఉన్నప్పుడు దానయ్య చేయించుకున్నాడు. తర్వాత ఆడపిల్ల పుడితే, నావ పెద్దమ్మి, పిల్ల చిన్నమ్మి అన్నాడు. రేవులో ఆ పేర్లే నిలిచిపోయాయి. గనగళ్ల నూకరత్నం సముద్రజీవాల మీద పరిశోధన చేసి డాక్టరు పట్టా పుచ్చుకుంది, విశాఖలో ఒక ప్రయోగశాలకి పెద్ద అయింది, కుర్ర సైంటిస్టులు ఆమె ముందు నిలబడి మాట్లాడతారు. అయితేనేం, పాతగెడ్డ రేవులో బస్సు దిగిందంటే ఆవిడ చిన్నమ్మే.

"మీ అక్కని అడుగుతున్నావేటే? ఏటి సేసుకుంటావు?" అన్నాడు దానయ్య.

ఏం చేసుకుంటుందో చెప్పడమే కష్టం. నీళ్లలో నానే ఏ వస్తువుకైనా గట్టి పెంకున్న చిన్న జీవాలు, గుల్లలు, అతుక్కుంటాయి. బోటు అడుగున గుల్ల పట్టిందా, ఇంజను ఎంత మొత్తుకున్నా బోటు ముందుకు కదలదు, డీజిలు మాత్రం గటగటా తాగేస్తుంది. అందుకని ఫైబర్ బోట్లు వచ్చిన దగ్గర్నుంచీ రేవంతా రాగి కలిసిన రంగు పూస్తూ వచ్చారు. ఆ విషానికి గుల్లలు చచ్చాయి. వాటితో పాటు, రేవు దగ్గర సముద్రంలో కలిసే గెడ్డలోని ఆలిచిప్పలూ, పీతపిల్లలూ చచ్చాయి. ఒకప్పుడు పోలమ్మ చంటిపిల్ల రత్నాన్ని చంకనేసుకుని, పాటు వేళ నీళ్లు తీసినప్పుడు రాళ్లమీద నుంచి బుట్టెడు ఆలిచిప్పలు కోసుకొచ్చేది. ఆ బుట్ట అటకెక్కి చాలా కాలమైంది. రత్నం చదివిన చదువంతా ఆ బుట్టని కిందికి దింపడానికే అంటే అతిశయోక్తి కాదు.

"గుల్ల పిల్ల కంటికి ఆనదమ్మా," అని చెప్పడం మొదలుపెట్టింది రత్నం. "ఇల్లు వెతుక్కుంటూ బోటు అడుగున నడుస్తుంది. నచ్చిందా, తలని అక్కడే అతికించేసుకుంటుంది. ఇంక జన్మంతా తలకిందులే. కాళ్లతోనే తిండి లాక్కుని తింటుంది."

"మా తమ్ముడు తాగొచ్చిన రోజు అలగే తింటాడు," అంది పోలమ్మ.

"అది చోటెలా ఎంచుకుంటుందనుకున్నావ్? తనవాళ్లు నడిచిన చోట ఒక వాసన ఉంటుంది. ఆ అడుగుల వాసన పట్టుకుని పోతుంది. నేనూ, నా దగ్గర పనిచేసే వెస్లీ కలిసి ఒక జిగురు తయారుచేశాం. పాత చెక్కలోకి ఇంకిపోయిన ఆ వాసనని అది మళ్లీ లేపుతుంది. పిలుపు అని పేరు పెట్టుకున్నాం. బోట్లకేమో జారుడు పూత పూస్తాం, దాంట్లో విషం చుక్క ఉండదు. కానీ ఉత్త జారుడు పూత చాలదు. వేరే దిక్కు లేకపోతే గుల్ల దాన్నైనా కరుచుకుంటుంది. అందుకని పక్కనే దానికి ఇష్టమైన చోటు చూపించాలి."

"పెళ్లోరికి విడిదిల్లు సూపించినట్టన్నమాట! మనింట్లో పడకుండా, పక్కన మంచిల్లు సూసి, మంచాలేసి, మర్యాద సేసి…" పోలమ్మ తన మాటకి తనే నవ్వింది. "అయితే ఆ విడిదిల్లు మన పెద్దమ్మా?"

"రంగు ఎరగని చెక్క రేవు మొత్తమ్మీద అదొక్కటే ఉంది. అయ్య ఎప్పుడూ చేత్తో గీకి, చేపనూనె రాశాడే గానీ, విషం తగలనివ్వలేదు. కొత్త చెక్కలతో, ప్లాస్టిక్ తెప్పలతో చేసి చూశాం. ఒక్క గుల్లా రాలేదు."

దానయ్య చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "తిరిగొస్తాదా?"

"రాదయ్యా." అబద్ధం చెప్పడం రత్నానికి చేతకాదు. "ఏటా గుల్లలు పెరుగుతాయి. ఆ బరువుకి అక్కడే గెడ్డలో దిగబడిపోతుంది."

దానయ్య చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. వాటి నిండా తాడు కోసిన గీతలే. "నా మోకాళ్లూ దిగబడిపోనాయి గదా," అన్నాడు చివరికి. "ఒడ్డునుంటే సెద పడతాది. తీసుకెల్లు సిన్నమ్మీ. నీ పనికొస్తే అంతకన్నా ఏటి గావాల."

రత్నానికి ప్రాణం లేచొచ్చింది. మిగిలిన అన్నం గబగబా తినేసింది. పోలమ్మ పులుసు గిన్నె మీద మూత పెట్టి లేచి వెళ్లింది.

*

రేవులో బోట్లవాళ్ల సంఘానికి పెద్ద ఎల్లాజీ. మనిషి మంచివాడే గానీ నోరు మాత్రం గరుకు. ఈ ఒక్క సీజనుకి రంగు మానేసి జారుడు పూతకి ఒప్పుకుంటాం అన్నాడు. "అడుగున గుల్ల కనిపించిందా, నీ పూత గీకి పారేసి రంగెట్టేస్తాను. తర్వాత సైన్సు అని రేవులోకి రావద్దు," అని కూడా అన్నాడు.

పెద్దమ్మిని గెడ్డ మధ్యలో లంగరేశారు. నీళ్లు తీశాక వెస్లీ మోకాళ్ల లోతు బురదలో నిలబడి, పెళ్లికూతురికి నలుగు పెట్టినంత శ్రద్ధగా పిలుపు జిగురు పూశాడు. అతను రేపల్లె వాడు, రత్నం దగ్గర కెమిస్టు. పూత పూస్తున్నంతసేపూ దానయ్య పక్కనే నిలబడి, ఇక్కడ పూయి, అక్కడ అతుకు వదిలేశావు అంటూ సలహాలిస్తూనే ఉన్నాడు.

మొదటి వారాల్లో చూడాలి ఆ వైభవం! పాటు వేళ నావ పక్కకి ఒరిగితే పొట్ట మీద ఆవాలు చల్లినట్టు గుల్ల పిల్లలు. పక్క బోట్ల అడుగున ఒక్కటీ లేదు. వెస్లీ ప్రయోగశాలలో అందరికీ జీళ్లు పంచాడు. రత్నం అమ్మకి ఫోను చేసి, "విడిది నిండిపోయిందే," అంది. పోలమ్మ "ఊఁ" అంది. ఆ ఊఁ ఎందుకు అంత పొట్టిగా ఉందో రత్నం ఆలోచించలేదు. సంతోషంలో ఉన్న మనిషికి అవతలివాళ్ల ఊఁలు వినపడతాయా?

తర్వాత ఏమైందో ఏమో, పెద్దమ్మి పొట్ట ఖాళీ అయింది. గుల్లలు లేవు సరే, అవి అతుక్కున్న చోట తెల్లటి సున్నపు చుక్కైనా మిగలాలి కదా, అదీ లేదు. నున్నగా, కొత్త కోడలు తోమిన బిందెలా ఉంది. పోనీ వచ్చినవి వెళ్లాయి, కొత్తవి రావాలా? రాలేదు. అవన్నీ ఇప్పుడు బోట్ల దారి పట్టాయి. ఎల్లాజీ బోటు అడుగున అక్కడక్కడ తెల్లటి చుక్కలు తేలాయి.

"మన పిలుపు చచ్చిపోయింది మేడమ్," అన్నాడు వెస్లీ ప్రయోగశాలలో తల పట్టుకుని. "జిగురు ఉప్పునీళ్లకి కరిగిపోతోందేమో. మళ్లీ మొదటికి పోవాలి."

"తొట్టెల్లో ఏడాది నానినా కరగలేదు కదయ్యా?"

"మరైతే గుల్లలేవి?"

ఇంతలో ఎల్లాజీ కబురు పెట్టాడు: సీజను చివరి పున్నమి పోటుకి బోట్లన్నీ ఒడ్డుకి లాగుతాం, చుక్కలు ఇలాగే ఉంటే రంగు డబ్బాలు తెప్పిస్తాం. ఒకసారి రంగు మళ్లీ గెడ్డలో పడితే ఇంక ఎవరూ ఆమె మాట వినరు. గెడ్డ మళ్లీ మూగబోతుంది.

మర్నాడు రత్నం తనే బురదలోకి దిగి పెద్దమ్మి పొట్టని చేత్తో తడుముతూ పోయింది. రెండు పలకల అతుకు దగ్గర వేలికి ఏదో తగిలింది. లాగి చూస్తే కొబ్బరి పీచు. దానికి బూడిద కూడా అంటుకుని ఉంది.

ఓలమ్మా! గుల్లలు పోలేదు. ఎవరో జిగురుతో సహా తోమేశారు!

*

ఎవరో ఏమిటి, ఇంకెవరు? అరిగిపోయిన కొడవలితో గీకుడు కత్తి చేసుకుని జన్మంతా ఆ నావని గీకినవాడు ఒక్కడే కదా ఉన్నాడు. రత్నం బుసలుకొడుతూ ఇంటికి వచ్చింది.

"అయ్యా, నువ్వు పెద్దమ్మిని గీకుతున్నావా?"

అరుగు మీద వల అల్లుకుంటున్న దానయ్య బిత్తరపోయాడు. "నానా? ఇచ్చేసిన దాన్ని నానెందుకు గీకుతానే? దాన్ని అలగ సూడనేక ఆ పక్కకే ఎల్లడం మానేసినాను. నీ మీదొట్టు."

తన మీద ఒట్టేస్తే అయ్య అబద్ధం ఆడడు. రత్నానికి కోపం పోయి, మతి కూడా పోయినంత పనైంది. మరి ఎవరు? ఎల్లాజీ మనుషులా? రంగు కొట్టు వాళ్లా? పగవాళ్లు ఎవరైనా సరే, పీచూ బూడిదా పెట్టి అంత శుభ్రంగా తోముతారా?

మిట్టమధ్యాహ్నం పాటు వేళ, మగవాళ్లంతా నిద్రల్లో ఉన్నప్పుడు, రత్నం మొగలిపొద చాటున కూర్చుంది. ఎండ మాడు పగలగొడుతోంది. కాసేపటికి బురదలో అడుగుల చప్పుడు వినిపించింది. ఒక మనిషి చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, చంకన చిన్న తట్టతో పెద్దమ్మి దగ్గరికి నడిచింది. తట్టలోంచి గీకుడు కత్తి తీసింది, పీచు తీసింది, బూడిద తీసింది. గీకింది. తోమింది. గిన్నెలు కడిగినట్టు దోసిళ్లతో నీళ్లు కొట్టింది.

పోలమ్మ!

"అమ్మా!"

పోలమ్మ ఉలిక్కిపడి కత్తిని చీర చాటున దాచింది. దాచి ఏం లాభం, చేతులు మోచేతుల దాకా బూడిదే.

"నువ్వా? నువ్వా అమ్మా ఈ పని చేసింది? విడిది అని పేరు పెట్టింది నువ్వే కదే! పెళ్లివాళ్లకి ఇల్లిచ్చి, పక్కలు బయట పడేస్తావా?" రత్నం గొంతు పగిలేలా అరిచింది. "నా పనంతా బూడిదపాలు చేశావు. నీకేం అపకారం చేశానే నేను?"

పోలమ్మ నావ అంచు మీద చెయ్యేసి నిలబడింది. కూతురు అరవడం అయిపోయేదాకా ఆగి, మెల్లగా అంది: "గుల్లలు పట్టిన కొత్తలో భీమిలి ఆడమనిసి ఒకత్తె ఇలగ పోతా, ఒడ్డున సెప్పులిడిసి, పెద్దమ్మికి దణ్ణం ఎట్టింది. ఎట్టి నన్నే అడిగింది. ఈ నావ మనిసి ఎప్పుడు పోనాడమ్మా, అని."

రత్నం తల తిప్పి పెద్దమ్మి కేసి చూసింది.

ఆ రేవు పద్ధతి అది. నావగలవాడు పోతే సంవత్సరీకం దాకా అతని నావని ఎవరూ గీకరు, కడగరు. నీళ్లలో అలాగే వదిలేస్తారు. గుల్లలు పట్టి ఒరిగిన నావ కనిపిస్తే దారినపోయేవాళ్లు చెప్పులు విడిచి దణ్ణం పెట్టి పోతారు. ఈ సంగతి రత్నానికి తెలియక కాదు. హాస్టల్లో చదువుకుని, పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ అది ఎప్పుడో మనసులో అడుగున పడిపోయింది. గుల్లల గురించి లోకంలో ఎవరికీ తెలియనివి ఆమెకి తెలుసు. తన రేవులో గుల్లలంటే ఏమిటో మాత్రం ఆ క్షణాన గుర్తు రాలేదు.

"నాకు నమ్మకాలు నేవులే," అంది పోలమ్మ. కళ్లు మాత్రం నీళ్లతో నిండాయి. "అయినా పొద్దున్నే సేపల తట్టెత్తుకుని ఇటు పోతన్నానా, దీన్ని సూస్తానా, నా సెయ్యి నాకు తెలీకుండానే మెడ మీదికి ఎల్లిపోతాది, పుస్తెలున్నాయో నేదో అని. ఎన్నాల్లని ఓర్సుకోను? అందరినీ అడిగినావు సిన్నమ్మీ. మీ అయ్యనడిగినావు. ఎల్లాజీనడిగినావు. గుల్లలకి కూడా ఇట్టమేటో కనుక్కున్నావు. నన్నడిగినావా?"

రత్నం అక్కడే బురదలో కూలబడింది. ఏడుపొచ్చింది. చిన్నప్పుడు ఆలిచిప్ప కోసుకుని వేలు తెగినప్పుడు ఏడ్చినట్టే ఏడ్చింది. పోలమ్మ కూడా పక్కన కూర్చుని, బూడిద చేతులతోనే కూతురి మొహం తుడిచింది. మొహం నల్లగా అయింది.

"తప్పయిపోయిందమ్మా. ఇప్పుడడుగుతున్నాను. ఈ నావని ఇలా ఉండనిస్తావా?"

"నేదు," అంది పోలమ్మ, కూతురి జుట్టు సవరిస్తూ. "అడిగినావు, బాగుంది. నానయితే ఒప్పుకోను. నీ సదువు కన్నా, ఈ రేవు కన్నా నాకు మీ అయ్య ఎక్కువ."

*

ఆ సాయంత్రం రత్నం ఇంట్లో ఉండగా వెస్లీ ఫోను చేశాడు. సంగతంతా విని, నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు. "రిపోర్టులో ఏం రాద్దాం మేడమ్? నమూనాని పరిశోధకురాలి తల్లిగారు బూడిదేసి తోమేశారు అంటే పై వాళ్లు ఏమనుకుంటారు?"

"ఉన్నదున్నట్టు రాయి," అంది రత్నం. "తప్పు నాదని కూడా రాయి. ప్రయోగం చేసిన చోట ఎవరుంటారో కనుక్కోలేదని రాయి. పున్నమి తర్వాత మూసేద్దాం."

దానయ్య వల పక్కన పెట్టి ఇదంతా వింటూనే ఉన్నాడు. ముందు భార్య వైపు చూశాడు. చాలా ఏళ్ల తర్వాత కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"ఒలే పోలీ, నా కోసం అంత ఎండలో బురదలో దిగినావేటే?"

"నీ కోసం ఎవులు దిగినారు? నా పుస్తెల కోసం దిగినాను," అంది పోలమ్మ మొహం తిప్పుకుని.

దానయ్య కిసుక్కున నవ్వాడు. "అయితే ఓ పని సేస్తాను. నావ సూసినోడికి నాను పోనానని గదా అనిపిస్తాది? నావలో నాను కూకుంటే? వల అక్కడే అల్లుకుంటాను. సుట్ట అక్కడే కాల్సుకుంటాను. రేవంతా సూస్తాది గదా, దానయ్య గుండ్రాయిలా ఉన్నాడని. గుల్లలు ఎన్ని పట్టినా పట్టనీ. మనిసున్న నావకి దణ్ణం ఎవులెడతారు?"

పోలమ్మ ఆలోచించింది. "రోజూ కూకుంటావా?"

"రోజూ."

"వానొస్తే?"

"గొడుగేసుకుంటాను."

"మరి కూడు?"

"నువ్వు తెస్తావు."

పోలమ్మ మూతి ముడిచింది, తర్వాత విప్పింది. "సిన్నమ్మీ, ఆ జిగురేదో మల్లీ పూయించుకో," అంది.

ఇంక చూడండి. వెస్లీ పరుగున వచ్చి పిలుపు పూశాడు. పొద్దున్నే దానయ్య తలపాగా చుట్టుకుని, వలా చుట్టలూ పట్టుకుని పెద్దమ్మి ఎక్కేవాడు. కింద పొట్టకి పెళ్లివాళ్లు దిగుతున్నారు, పైన ఆయన మగపెళ్లివారికి మర్యాదలు చేసే మేనమామలా కూర్చున్నాడు. వేటకి పోయే బోట్లవాళ్లు "దానయ్య మావా, పెళ్లోరు బాగున్నారా?" అని కేకేసేవాళ్లు. "బాగున్నారు, కాపీ అడుగుతన్నారు!" అని ఈయన. మధ్యాహ్నం పోలమ్మ క్యారేజీ నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్లలో వచ్చి అందించేది. అందించి వెళ్లిపోతుందా? ఆవిడా ఎక్కి కూర్చునేది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన సముద్రం మీద, ఆవిడ చేపల తట్టతో వీధుల మీద. ఇద్దరూ కలిసి ఇంత తీరిగ్గా అన్నం తిన్నది ఆ నావలోనే. దూరం నుంచి కెమెరాలో చూసిన వెస్లీ, "మేడమ్, ఇది కూడా నోట్ చెయ్యాలా?" అన్నాడు. రత్నం చెయ్యొద్దంది.

*

పున్నమి పోటుకి బోట్లు ఒడ్డుకెక్కాయి. రేవంతా మూగింది. ఎల్లాజీ తన బోటు కింద దూరి, వెల్లకిలా పడుకుని, అడుగంతా అరచేత్తో రాశాడు. మునుపటి చుక్కలు వెస్లీ గుడ్డతో తుడిస్తేనే జారిపోయాయట. తర్వాత కొత్తవి రాలేదు. ఎల్లాజీ లేచి నిలబడి తన బట్టతల నిమురుకున్నాడు.

"నా బుర్ర కన్నా నున్నగా ఉన్నాదర్రా," అన్నాడు. "డాక్టరమ్మా, వచ్చే సీజనుకి కూడా నీ పూతే ఎయ్యి."

అందరూ గోల చేశారు. వెస్లీ ఎవరో కూడా తెలియని మనిషిని కావలించుకున్నాడు. రత్నం మాత్రం జనంలో అయ్య కోసం వెతికింది. ఈ మాట ముందుగా ఆయనకే చెప్పాలని ఆమె కోరిక. ఎల్లాజీ భార్య చెప్పింది, రాత్రి నుంచీ దానయ్యకి జ్వరం, మంచం దిగలేదని.

మరి నావ? రత్నం గబగబా గెడ్డ వైపు తిరిగింది.

పెద్దమ్మి ఒరిగి ఉంది. పొట్టంతా తెల్లగా, నల్లగా, గరుగ్గా గుల్లలు. చెక్క కనిపించడం లేదు. ఇదివరకటి కన్నా ఒక పలక మేర కిందికి దిగింది కూడా. ఇంక అది లేవదు. అయ్య ఇచ్చేసిన నావ నిజంగానే వెళ్లిపోతోందని రత్నానికి అప్పుడు తెలిసింది. కానీ అంచు మీద తలపాగా కనిపిస్తోంది. అయ్య తలపాగానే. జ్వరంతో వచ్చేశాడా ఏమిటి? రత్నం చెప్పులు ఒడ్డునే వదిలేసి నీళ్లలో పడి నడిచింది.

తలపాగా కింద ఉన్నది పోలమ్మ. బాసింపట్టు వేసుకుని, మొగుడి చుట్ట ఒకటి వెలిగించకుండా నోట్లో పెట్టుకుని, దర్జాగా కూర్చుని ఉంది.

"అయ్యకి జొరం. నావ కాలీగా ఉంటే ఎలగ? ఎవలో ఒకలు కూకోవాల గదా," అంది, అడగకముందే.

"గెలిచామే అమ్మా," అంది రత్నం. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు. "ఒక్క బోటుకీ గుల్ల లేదు."

"తెలుసు. ఎల్లాజీ గొంతు ఇక్కడికినిపించింది." పోలమ్మ చుట్ట తీసి చెవి సందున పెట్టుకుంది. పక్కన ఏదో ఉంటే ఒళ్లోకి లాక్కుంది. అటక మీది పాత బుట్ట! మట్టి దులిపి, తెగిన చోట వల దారంతో కట్టి ఉంది. "ఇటు సూడు. ఈ మూల గుల్లల మద్దిన ఆలిచిప్పలు పడ్డాయి. నల్లగా, బొటనవేలంత. ఎన్నాల్లయిందో గెడ్డలో ఈటిని సూసి."

రత్నం వంగి చూసింది. ఆలిచిప్పలే. పిలవని పేరంటానికి వచ్చిన చుట్టాల్లా గుల్లల మధ్య సర్దుకుని కూర్చున్నాయి. ఒకదాన్ని వేలి కొసతో ముట్టుకుంది.

"మీ అయ్యకి నోరు సేదుగా ఉన్నాదంట. ఓ గుప్పెడు పులుసెడితే ఇంత ముద్ద తింటాడు," అంది పోలమ్మ. కత్తి తీసింది గానీ, ఆలిచిప్పకి ఆనించలేదు. కూతురి మొహంలోకి చూసింది. "కోసుకోమంటావా? నీ లెక్కల్లో ఏటైనా తేడా వస్తాదా?"

"కోసుకో అమ్మా. బుట్టెడు కోసుకో."

"గుప్పెడు సాలు. పెళ్లోరు గదా." పోలమ్మ మొదటి చిప్పని జాగ్రత్తగా ఊడదీసి బుట్టలో వేసింది. వేసి, తలపాగా సవరించుకుని, కూతురి వైపు కళ్లెగరేసింది.

"అడిగి తీసుకుంటన్నాను. సూసి నేర్సుకో."